పునరుత్పాదక ఇంధన పరిశోధనకు నిధుల కోత: తిరుపతి, చిత్తూరు వైపు నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఎస్వీ యూనివర్సిటీ భౌతికశాస్త్ర విభాగంలో పలుచటి పొరల సోలార్ సెల్స్ మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది. ఢిల్లీలో ఒక పద్దు తగ్గితే ఈ ఊళ్ళలో ఎవరో ఒక స్కాలర్‌కు ఫెలోషిప్ ఆగుతుంది, ఏదో ఒక యంత్రం మీద గుడ్డ కప్పేస్తారు. కాలేజీ డిబేట్లలోనూ, ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్ళ మాటల్లోనూ పదేపదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ఎంత కోశారు అన్న ఒక్క అంకె పట్టుకుని వాదించుకుంటే ఏమీ తేలదు. ఏ పద్దులో కోశారు, ఏ నెలలో కోశారు, ఎంత ముందు చెప్పి కోశారు అన్నవి చూడాలని మేం గట్టిగా నమ్ముతాం.

మా మిద్దె మీది సోలార్‌కు సబ్సిడీ వచ్చింది. పరిశోధన నిధులంటే అదేనా?

కాదు. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయలు ప్యానెళ్ళు బిగించుకున్నందుకు ఇచ్చే సాయం. ఆ ప్యానెల్‌ను ఇంకా మెరుగ్గా ఎలా చెయ్యాలో కనుక్కోవడానికి పెట్టే ఖర్చు వేరే పద్దులో ఉంటుంది, అది చాలా చిన్నది కూడా. 2025-26 బడ్జెట్‌లో కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన శాఖకు 26,549 కోట్లు కేటాయిస్తే, అందులో 20,000 కోట్లు సూర్యఘర్‌కే పోయాయి. అదే శాఖ తన పరిశోధన, సాంకేతికాభివృద్ధి కార్యక్రమానికి 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్ళకూ కలిపి పెట్టుకున్నది 228 కోట్లు. సగటున ఏడాదికి 46 కోట్ల లోపు. శాఖ ఖర్చుపెట్టే ప్రతి వెయ్యి రూపాయల్లో రెండు రూపాయలు కూడా కాదన్నమాట.

అలాగని దేశం మొత్తం ఈ రంగంలో పరిశోధనకు పెట్టేది ఇంతే అనుకోకండి. 2023 జనవరిలో ఆమోదించిన హరిత హైడ్రోజన్ మిషన్ 19,744 కోట్లలో పరిశోధనకు 400 కోట్లు తీసిపెట్టారు. శాస్త్ర సాంకేతిక విభాగం, అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్, సీఎస్‌ఐఆర్ ల్యాబులు విడిగా ఖర్చు పెడతాయి. అన్నీ కూడుకుంటేనే బొమ్మ పూర్తవుతుంది.

బడ్జెట్ ఏటా పెరుగుతుంటే కోత అంటారేమిటి?

ప్రతి పద్దుకూ మూడు అంకెలుంటాయి. ఫిబ్రవరి 1న చదివేది బడ్జెట్ అంచనా. ఏడాది చివర్లో దాన్ని సరిచేస్తే వచ్చేది సవరించిన అంచనా. లెక్కలు మూసేశాక తేలేది వాస్తవ ఖర్చు. పేపర్లో పెద్దక్షరాలతో వచ్చేది మొదటిది. కోత పడేది మాత్రం రెండోదానిలో, మూడోదానిలో. అక్కడ ఎవరూ చూడరు.

అంకె మారకపోయినా కోత పడే దారులు ఇంకా ఉన్నాయి. ధరలు ఏటా 5 శాతం పెరుగుతుంటే, ఐదేళ్ళ పాటు కదలని 100 కోట్లు చివరికి 78 కోట్ల పనే చేస్తాయి. పన్ను మరో దారి. ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే శాస్త్ర పరికరాలకు 2022 జులై దాకా 5 శాతం జీఎస్టీ రాయితీ ఉండేది. అది ఎత్తేశాక చాలా పరికరాల మీద 18 శాతం పడుతోంది. అప్పట్లో 21 లక్షలకు చేతికొచ్చే 20 లక్షల పరికరం ఇప్పుడు 23 లక్షల 60 వేలు. ప్రాజెక్టు మంజూరు మొత్తంలో ఒక్క రూపాయి తగ్గకుండానే ల్యాబులో రెండున్నర లక్షల సామాను తగ్గింది.

నిధులు ఆలస్యమైతే ఆలస్యమవుతాయి. అది కూడా కోత ఎలా అవుతుంది?

రోడ్డు పని ఆరు నెలలు ఆగితే మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ల్యాబు పని అలా ఆగదు. పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం పదార్థంతో సోలార్ సెల్ చేసే ల్యాబునే తీసుకోండి. ఆ పదార్థానికి తేమ సోకకూడదు. అందుకని గాజు, ఉక్కు పెట్టెలో నైట్రోజనో ఆర్గానో నింపి, రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి పని చేస్తారు. దాన్నే గ్లోవ్‌బాక్స్ అంటారు. లోపల ఆక్సిజన్, తేమ రెండూ పది లక్షల భాగాల్లో ఒక భాగం కంటే తక్కువ ఉండాలి. సిలిండర్లకు డబ్బులేక వాయువు నిండుకుంటే పెట్టెలో పీడనం పడిపోతుంది. రబ్బరు గుండా, గాస్కెట్ల సందుల్లోంచి బయటి గాలి మెల్లగా చేరుతుంది. గాలిని శుభ్రం చేసే రాగి ఉత్ప్రేరకం, తేమను పీల్చే గుళికలు రెండూ నిండిపోతాయి. నల్లగా మెరవాల్సిన పొర పసుపుపచ్చకు తిరుగుతుంది. మిగిలింది లెడ్ అయొడైడ్, ఇక సెల్ పోయినట్టే. ఇది తిరుపతిలో నవంబరు వానల్లో జరిగితే ఇంకా వేగంగా జరుగుతుంది.

మళ్ళీ డబ్బు వచ్చాక స్విచ్ వేస్తే చాలదు. హైడ్రోజన్ కలిపిన వాయువు పంపి ఉత్ప్రేరకాన్ని కోలుకునేట్టు చెయ్యాలి. చిల్లులు పడ్డ గ్లోవులు మార్చాలి. సెన్సర్లు సరిచూసుకోవాలి. అప్పుడు పాత సెల్‌ను అదే సామర్థ్యంతో మళ్ళీ చేసి చూపించాలి. ఆ చివరి మెట్టుకే నెలలు పడుతుంది.

మనుషుల సంగతి అంతకంటే కష్టం. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకు (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000, సీనియర్ ఫెలోకు (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు, ఇంటద్దె అదనం. ఆరు నెలలు అది రాకపోతే సాధారణ కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడు ఉద్యోగం వెతుక్కుంటాడు, తప్పేముంది? ద్రావణం ఏ క్షణంలో చుక్క వెయ్యాలో, పంపు చప్పుడు మారితే ఆయిల్ మార్చాలని ఎలా తెలుసుకోవాలో ఆ చేతికే తెలుసు. రికార్డు పుస్తకంలో ఉండేది సగమే.

ఎండలో ప్యానెళ్ళు పెట్టి కొలవడానికి ఏళ్ళు ఎందుకు? ఒక ఏడాది డేటా చాలదా?

చాలదు. మంచి సిలికాన్ ప్యానెల్ ఏడాదికి సుమారు అర శాతం బలం కోల్పోతుంది. ఎండను కొలిచే పైరనోమీటర్‌లోనే ఒకటి రెండు శాతం అటూఇటూ ఉంటుంది. రెండేళ్ళ ప్రాజెక్టులో ప్యానెల్ తగ్గేది 1 శాతం. కొలత దోషం అంతకంటే ఎక్కువ. అంటే రెండేళ్ళకు వచ్చిన అంకెతో ప్యానెల్ పాడవుతోందో లేదో చెప్పలేం. ఐదేళ్ళు, పదేళ్ళు తెగకుండా కొలిస్తేనే గీత స్పష్టంగా కనబడుతుంది. నాలుగో ఏట నిధులు ఆపేస్తే మొదటి మూడేళ్ళ డబ్బు కూడా దాదాపు వృథానే.

ఇందులో చిన్న ఖర్చే పెద్ద నష్టం చేసే చోటు ఒకటుంది. పైరనోమీటర్ మీద గాజు బుడగ ఉంటుంది. దాన్ని రోజూ మెత్తటి గుడ్డతో తుడవాలి. పరిశోధన ఖర్చులు తగ్గించమనగానే మొదట పోయేది ఆ తుడిచే మనిషి దినకూలి. మార్చి, ఏప్రిల్ దుమ్ముకు వారం తుడవకపోతే సెన్సర్ ఎండను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. తక్కువ ఎండకు అంతే కరెంటు వస్తున్నట్టు కనబడేసరికి ప్యానెల్ పనితీరు పెరిగినట్టు లెక్కలో వస్తుంది! ఆ రోజు ఎంత దుమ్ముందో ఎవరికీ తెలియదు కాబట్టి తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచెయ్యలేదు. ఆ వారాలను కొట్టేసుకోవాల్సిందే. 2011లో చెన్నైలోని పవన ఇంధన సంస్థ దేశవ్యాప్తంగా మొదటి దశలో 51 సౌర వికిరణ కొలత కేంద్రాలు పెట్టింది. అలాంటి ఏ నెట్‌వర్క్ విలువైనా ఈ రోజువారీ తుడుపు మీద, రెండేళ్ళకోసారి చేయించే క్యాలిబ్రేషన్ మీదే నిలబడుతుంది.

ప్యానెళ్ళు ఇంత చవకయ్యాయి. ఇక పరిశోధన ఎందుకు?

అవి చవకైందే పరిశోధన వల్ల. 1977లో సోలార్ సెల్ ధర వాట్‌కు 76 డాలర్లు. ఇప్పుడు అర డాలరు కూడా లేదు. ఫ్యాక్టరీలు పెద్దవి కావడం ఒక కారణమైతే, ప్రభుత్వ, ప్రైవేటు పరిశోధన అంతకంటే పెద్ద కారణం. మీ మిద్దె మీది ప్యానెల్‌లో గాజుకూ సెల్‌కూ మధ్య జిగురులా ఉండే ఈవీఏ పొర, 1975 నుంచి 1986 దాకా అమెరికా ప్రభుత్వ ఖర్చుతో జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ నడిపిన ప్రాజెక్టులో నిలదొక్కుకుంది. పెర్క్ అని ప్యానెల్ వెనక లేబుల్ మీద రాసుంటుందే, ఆ సెల్ 1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఫ్యాక్టరీల్లోకి పెద్దఎత్తున వచ్చింది 2010లలో. పాతికేళ్ళకు పైగా ఓపిక పట్టాల్సి వచ్చింది.

చెయ్యాల్సింది ఇంకా బోలెడు ఉంది. సాయంత్రం ఆరు తర్వాత వాడకం పెరిగే వేళకు సోలార్ ఉండదు. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో, పగలు నీటిని పైకి ఎత్తి తర్వాత కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టింది అందుకే, కానీ అలాంటి కొండ, నీళ్ళు అన్ని చోట్లా దొరకవు. పాతబడ్డ ప్యానెళ్ళ సంగతి మరొకటి. 2022 ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం సోలార్ వ్యర్థాలను 2034-35 దాకా నిల్వ పెట్టుకోమన్నారు. వాటిలోంచి వెండిని, సిలికాన్‌ను గిట్టుబాటుగా తీసే పద్ధతి అప్పటికి చేతిలో ఉండాలంటే పని ఇప్పుడే మొదలవ్వాలి.

బయటి దేశాలవాళ్ళు కనిపెడితే మనం కొనుక్కుంటే పోలా?

కొన్నిటికి సరిపోతుంది. సిలికాన్ సెల్‌ను మళ్ళీ మొదటి నుంచి కనిపెట్టనక్కర్లేదు. అయితే మన ఎండకు, మన నీళ్ళకు, మన బోర్లకు జవాబు ఎవరూ కనిపెట్టి పెట్టరు.

ప్యానెల్ లేబుల్ మీది వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మే నెలలో శ్రీకాళహస్తిలో గాలి 42 డిగ్రీలుంటే మిద్దె మీద సెల్ 70 దాకా పోతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున దాదాపు 16 శాతం కరెంటు అక్కడే పోతుంది. మన బోరునీళ్ళతో మిట్టమధ్యాహ్నం ప్యానెల్ కడిగితే నీరు ఆవిరై ఉప్పు మరకలు తెల్లగా పేరుకుంటాయి. తర్వాత గుడ్డకు రావు. తెల్లవారుజామున కడిగి, రబ్బరు బ్లేడుతో నీళ్ళు తీసేస్తే మేలు. ఏ పూత వేస్తే మన ఉప్పునీళ్ళకు మరక పట్టదన్నది మాత్రం ఇక్కడి నీళ్ళతో పరీక్షించి తేల్చాల్సిన విషయం.

బోర్ల సంగతి చూడండి. చిత్తూరు పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు మామూలే. సోలార్ పంపు ఎండను బట్టి వేగం మార్చుకుంటుంది. పంపు నీటిని ఎత్తగలిగే ఎత్తు వేగం వర్గానికి అనుపాతంగా మారుతుంది. మబ్బు పట్టి వేగం 80 శాతానికి పడితే ఎత్తే శక్తి 64 శాతానికి పడుతుంది. తక్కువ లోతు బావిలో అయితే నీళ్ళు కాస్త సన్నగా వస్తాయి. వెయ్యి అడుగుల బోరులో మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపులోంచి చుక్క రాదు. కదలని నీటిలో తిరిగే మోటారు వేడెక్కి కాలిపోతుంది. రైతుల సోలార్ పంపులకు కేంద్రం సాయమిచ్చే కుసుమ్ పథకంలో సాయం లెక్క 7.5 హెచ్‌పీ దాకానే. ఇంత లోతుకు అది చాలని చోట్లు చాలా ఉన్నాయి. కనీస వేగం కంటే తగ్గితే తనంతట ఆగి, ఎండ రాగానే మళ్ళీ పట్టుకునే కంట్రోలర్, ఆ మధ్యలో కరెంటును వేరే పనికి మళ్ళించే ఏర్పాటు మన నేలకు కావలసిన పరిశోధన. లోతు తక్కువ ఉన్న దేశాలకు ఆ అవసరమే రాదు.

ఇంకొకటి తోతాపురి. సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర తొక్క, టెంక కుప్పలు పడతాయి. బయోగ్యాస్‌కు మంచి సరుకే, కానీ ఒక్కసారిగా ఎక్కువ వేస్తే పులిసి ఆమ్లం పెరుగుతుంది. డైజెస్టర్‌లో పీహెచ్ 6.5 కంటే కిందకు దిగితే మీథేన్ చేసే సూక్ష్మజీవులు చచ్చుబడతాయి. పేడ కలపాలి, మోతాదు మెల్లగా పెంచాలి. రెండు మూడు నెలల సీజన్ అయ్యాక మిగతా ఏడాది ఆ జీవులకు ఏం మేపాలి అన్నది అసలు చిక్కు. పాడి పశువులు ఇన్ని ఉన్న జిల్లాలో దీనికి జవాబు దొరకకపోదు, ఎవరైనా రెండు మూడు సీజన్లు కూర్చుని చూడాలి.

ఇదంతా కాగితాల మీదేనా, మన దగ్గర ఏదైనా నిలబడిందా?

తిరుమలలో 2002లో పెట్టిన సౌర ఆవిరి వంట ఏర్పాటును చూడండి. 106 అద్దపు డిష్‌లు ఎండను ఒకచోటికి చేర్చి రోజుకు 4,000 కిలోల దాకా ఆవిరి, 180 డిగ్రీల దగ్గర, ఇచ్చేట్టు కట్టారు. లక్ష్యం 15,000 మందికి వంట. జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ షెఫ్లర్ రూపొందించిన డిష్ అది. ప్రయోగంలో పుట్టిన ఆలోచన, ప్రభుత్వ సాయంతో ప్రదర్శన దశ దాటి వంటింటి దాకా వచ్చింది.

ప్రైవేటు కంపెనీలు పెట్టుకోవచ్చు కదా? లాభం వాళ్ళకే కదా?

రెండు మూడేళ్ళలో డబ్బు తిరిగొచ్చే పనికి పెడతాయి, పెట్టాలి కూడా. పదేళ్ళ ఎండ డేటాకు ఏ కంపెనీ పెట్టదు, ఎందుకంటే ఫలితం పోటీదారుడికి కూడా ఉపయోగపడుతుంది. 2025 జులైలో కేంద్రం ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ నిధిని చూపించి ఇక గ్రాంట్లు ఎందుకంటున్నారు. ఆ నిధి తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణం ఇస్తుంది, అదీ సాంకేతిక సంసిద్ధత 4వ మెట్టు, ఆపైన ఉన్నవాటికి. మెట్లు మొత్తం 9. మొదటి మూడు మెట్లు ఎక్కించేది గ్రాంటే. అది ఆగితే నాలుగో మెట్టు మీద రుణం తీసుకోవడానికి ఏమీ మిగలదు.

అమెరికాలో కోతలతో మనకేం పని?

నేరుగా పని ఉంది. అక్కడి ఇంధన శాఖలో పునరుత్పాదక ఇంధనం చూసే కార్యాలయానికి 2026 ఆర్థిక సంవత్సరంలో సుమారు 346 కోట్ల డాలర్ల నుంచి 88.8 కోట్ల డాలర్లకు తగ్గించాలని అధ్యక్షుడి బడ్జెట్ ప్రతిపాదించింది. అది ప్రతిపాదన మాత్రమే, డబ్బు మంజూరు చేసేది కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు. కొలరాడోలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల పేరు 2025 డిసెంబరులో మార్చేశారు, ఇప్పుడు దాని పేరులో పునరుత్పాదకం అన్న మాటే లేదు. ఆ ల్యాబు ఉచితంగా ఇచ్చే పీవీవాట్స్ లెక్కల సాధనాన్ని, సౌర వికిరణ డేటాను మన ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టుల్లో వాడుతుంటారు. ఉన్న డేటాను ఇప్పుడే దింపుకుని, ఏ తేదీన దింపుకున్నారో రాసి పెట్టుకోండి.

ఇలాంటి కోత అక్కడ కొత్తది కూడా కాదు. ఇదే ల్యాబు 1977లో సౌర ఇంధన పరిశోధన సంస్థగా మొదలైంది. 1981లో రీగన్ ప్రభుత్వం బడ్జెట్ కోసి సిబ్బందిలో సగానికి పైగా ఇంటికి పంపింది. జపాన్ 1974లో మొదలుపెట్టిన సన్‌షైన్ ప్రాజెక్టును ఆపలేదు. జర్మనీ 1990లో వెయ్యి ఇళ్ళ పైకప్పుల కార్యక్రమం పెట్టింది. తర్వాతి దశాబ్దాల్లో పరిశ్రమ ఎక్కడెక్కడికి వెళ్ళిందో అందరికీ తెలుసు.

కోతను సమర్థించేవాళ్ళ మాటలో నిజం అసలు లేదా?

ఉంది, ఒప్పుకుని తీరాలి. ఒకే పదార్థం మీద, ఒకే పద్ధతిలో, పేపర్ల సంఖ్య కోసం చేసే ప్రాజెక్టులు ఉన్నాయి. పెద్ద యంత్రం కొని, నడిపే టెక్నీషియన్‌కు పోస్టు అడగకుండా మూలన పెట్టిన చోట్లు ఉన్నాయి. ఇచ్చిన డబ్బే ఖర్చు కాలేదు, ఇంకా ఎందుకిస్తామని ఆర్థిక శాఖ అడిగే ప్రశ్న న్యాయమైనదే. అయితే ఖర్చు కాకపోవడానికి కారణం చాలాసార్లు ఇది: డబ్బు జనవరిలో వస్తుంది, మార్చి 31న మిగిలింది వెనక్కి పోతుంది. రెండున్నర నెలల్లో టెండరు పిలిచి విదేశీ పరికరం తెప్పించడం ఎవరివల్లా కాదు. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర సంస్థలకు కొనుగోలు నిబంధనలు సడలించి, నేరుగా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు, కమిటీ ద్వారా కొనే పరిమితిని 10 లక్షల నుంచి 25 లక్షలకు పెంచింది. ఇది నిధులు పెంచకుండానే చేసిన మేలు. ఇలాంటివి ఇంకా కావాలి.

మరి తగ్గించక తప్పకపోతే ఎక్కడ తగ్గించాలి?

కొత్త మంజూర్లు తగ్గించాలి, నడుస్తున్నవాటి జోలికి పోకూడదు. మా లెక్కలో మొదట వాయిదా వెయ్యదగ్గది కొత్త యంత్రాల కొనుగోలు, అదీ అలాంటిదే 50 కిలోమీటర్ల లోపల ఇంకో సంస్థలో ఉన్నప్పుడు. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూసి స్లాటు తీసుకోవచ్చు. యూనివర్సిటీకీ ఏర్పేడుకూ మధ్య బస్సులో పోయొచ్చే దూరమే. తర్వాత ప్రయాణాలు, సదస్సులు. ఆఖరి దాకా ముట్టుకోకూడనివి మూడు: ఫెలోషిప్పులు, యంత్రాల వార్షిక నిర్వహణ కాంట్రాక్టు, తెగకుండా సాగే కొలతలు. పది ప్రాజెక్టులకు తలా 30 శాతం కోయడం కంటే, ముగింపుకొచ్చిన మూడింటిని మర్యాదగా ముగించి ఏడింటిని పూర్తిగా నడపడం మేలు. అందరికీ సమానంగా కోస్తే న్యాయంగా కనబడుతుంది కానీ, పదీ కుంటుతాయి.

బొగ్గు మీద పన్ను వేసి ఈ పరిశోధనకే వాడతామన్నారు కదా, ఆ డబ్బేమైంది?

2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400 అయింది. జాతీయ స్వచ్ఛ ఇంధన నిధికి వెళ్ళాల్సిన డబ్బు అది. 2017-18 దాకా వసూలైంది 86 వేల కోట్లకు పైగా. ఆ నిధికి బదిలీ అయింది 30 వేల కోట్ల లోపు. ప్రాజెక్టులకు అందింది 16 వేల కోట్ల లోపు. 2017లో జీఎస్టీ రావడంతో ఈ సెస్సు రాష్ట్రాల పరిహారం కిందికి మళ్ళింది. కోత మీద చర్చలో పన్నులు పెంచితేనే నిధులొస్తాయని ఎవరైనా అంటే ఈ మూడు అంకెలు గుర్తుచెయ్యండి. పన్ను వేశారు, ప్రజలు కట్టారు, చేరాల్సిన చోటికి చేరలేదు.

అసలు అంకెలు ఎక్కడ చూడాలి? మా ఎంపీని ఏమని అడగాలి?

కేంద్ర బడ్జెట్ వెబ్‌సైట్‌లో వ్యయ బడ్జెట్ కింద ప్రతి శాఖ గ్రాంట్ల డిమాండ్లు ఉంటాయి. నవీన, పునరుత్పాదక ఇంధన శాఖ పేజీలో పరిశోధన అన్న వరుస పట్టుకుని, వరుసగా ఐదేళ్ళ కాగితాలు తీసి మూడు అంకెలూ పక్కపక్కన రాసుకోండి. గంట పని. తర్వాత పార్లమెంటు ఇంధన స్థాయీ సంఘం నివేదిక చదవండి. ఎందుకు ఖర్చు కాలేదని సభ్యులు అడిగితే శాఖ ఇచ్చిన జవాబు అందులో యథాతథంగా ఉంటుంది.

తిరుపతి, చిత్తూరు లోక్‌సభ స్థానాల్లో ఎవరి ఓటు ఎక్కడుంటే ఆ ఎంపీ ద్వారా ప్రశ్న వేయించవచ్చు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తితే లాభం లేదు. ప్రశ్న ముక్కలుగా, అంకె అడిగేట్టు ఉండాలి: గత మూడేళ్ళలో ఏటా ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, విడుదల తేదీలేమిటి, ఆంధ్రప్రదేశ్ సంస్థల వాటా ఎంత. పరిశోధన ప్రాముఖ్యాన్ని గుర్తించారా అని అడిగితే అవునండి అని జవాబొస్తుంది, అంతే.

సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర శాఖలకైతే 10 రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు. రాకపోతే మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు. ఒక ప్రాజెక్టు గురించి అడిగేటప్పుడు వినియోగ పత్రం (ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే కాగితం) శాఖకు చేరిన తేదీ, తదుపరి విడత విడుదలైన తేదీ రెండూ అడగండి. ఆ రెంటి మధ్య ఉన్న రోజుల సంఖ్యే మీ వాదనకు బలం.

కాలేజీ డిబేట్లలో ఎక్కువగా దొర్లే పొరపాట్లు ఏవి?

సబ్సిడీని, పరిశోధనను కలిపేసి మాట్లాడటం మొదటిది. అమెరికా అంకెను భారత్‌కు అంటగట్టడం రెండోది. కోత తీర్మానం అన్న మాటను తప్పుగా వాడటం మూడోది. పార్లమెంటులో కోత తీర్మానం సభ్యులు డిమాండు మీద పెట్టే ఆయుధం. విధానాన్నే తిరస్కరిస్తే డిమాండును ఒక్క రూపాయికి తగ్గించమంటారు. ఫలానా ఫిర్యాదు చెప్పుకోవాలంటే 100 రూపాయలు తగ్గించమంటారు. నిధులు ఎందుకు ఆపారని నిలదీయడానికి కూడా కోత తీర్మానమే పెట్టొచ్చన్నమాట. మన దేశం పరిశోధన అంతటికీ కలిపి పెట్టేది జీడీపీలో 0.64 శాతం అన్న అంకె చెప్పేటప్పుడు అది 2020-21 నాటిదని చెప్పండి. ఎదుటివాళ్ళు అడగక ముందే సంవత్సరం చెప్పినవాళ్ళ మాటకు బరువుంటుంది.

నేను ప్రాజెక్టు ఫెలోను. రెండో విడత ఆగింది. ఇప్పుడేం చెయ్యాలి?

మీ గైడ్‌తో కూర్చుని మొదట ఖర్చుల నివేదిక, వినియోగ పత్రం రెండూ వెళ్ళాయో లేదో చూడండి. ఆగడానికి ఎక్కువసార్లు కారణం ఫైనాన్స్ ఆఫీసర్ సంతకమో, వచ్చిన వడ్డీ చూపకపోవడమో, ఒక పద్దు డబ్బు ఇంకో పద్దులో పడటమో. వినియోగ పత్రం 12-ఎ నమూనాలో ఉండాలి. మంజూరు పత్రంలోని అంకెకు, మీ పత్రంలోని అంకెకు పైసలతో సహా సరిపోవాలి. పద్దు మార్చుకోవాలంటే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి. గడువు దగ్గరపడితే అదనపు ఖర్చు లేకుండా పొడిగింపు కోసం కనీసం మూడు నెలల ముందు రాయండి.

ఈలోపు ల్యాబును నిద్రపుచ్చండి, ఉన్నపళంగా వదిలెయ్యకండి. చివరి సిలిండరు పూర్తిగా అయిపోక ముందే గ్లోవ్‌బాక్స్‌లోని నమూనాలు వాక్యూమ్ డెసికేటర్‌లోకి మార్చి, లోపల సిలికా జెల్ నీలంగానే ఉందో, రంగు మారిందో వారానికోసారి చూడండి. వాక్యూమ్ ఛాంబర్‌ను గాలికి తెరిచి పెట్టకండి, పంపుతో లోపలి గాలి లాగేసి మూసి ఉంచండి. సోలార్ సిమ్యులేటర్‌ను, అంటే ఎండ లాంటి వెలుతురిచ్చే దీపాన్ని, రిఫరెన్స్ సెల్‌తో ఈ రోజే ఒకసారి కొలిచి తేదీతో రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత అంకె మారితే తప్పు దీపానిదా, మీ సెల్‌దా అని తేల్చేది ఆ ఒక్క కొలతే. యూపీఎస్ బ్యాటరీలను నెలకోసారి ఛార్జి చెయ్యండి. డేటా రెండు చోట్ల దాచండి, ఒకటి యూనివర్సిటీ బయట. మిద్దె మీద పైరనోమీటర్ ఉంటే దాని పక్కన ఒక గుడ్డ, ఒక నోటుపుస్తకం పెట్టి, పొద్దున ఎవరు తుడిచారో రోజూ సంతకం చేయించండి.